నీళ్లు చెక్కిన సీమవాడు

1963లో పారిస్‌లో కృష్ణారెడ్డి అచ్చువేసిన ‘వర్ల్‌పూల్’ను చూడగానే నీటి సుడి అనిపిస్తుంది. ఇంకాసేపు చూస్తే ఆ నమ్మకం సడలుతుంది. వలలా అల్లుకున్న సన్నని గీతలు, ఒక రంగు అడుగున ఇంకో రంగు, అన్నీ కలిసి లోపలికి దిగిపోతున్న కదలిక మాత్రం మిగులుతాయి. అది ఏరా, గాలా, చుక్కల గుంపా అంటే బొమ్మ జవాబు చెప్పదు. అదే ఏడాది ‘వేవ్’ వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు ‘రివర్’ వచ్చింది. వీటిని చెక్కినవాడు 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టాడు.

అనంతపురంలో ఒక మామకూ మేనకోడలికీ వాదన రేగింది సరిగ్గా ఈ పుట్టినూరి దగ్గరే. ఆయన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆమె హైదరాబాదులో ప్రింట్‌మేకింగ్ చదువుకుని వచ్చింది. కృష్ణారెడ్డి గొప్పవాడన్న దాంట్లో ఇద్దరికీ పేచీ లేదు. ఆ గొప్పతనాన్ని ఎవరు పెంచారన్న దగ్గరే పేచీ.

“కరువు సీమలో పుట్టినోడప్పా,” అన్నాడు మామ. “నీళ్లు కాక ఇంకేం గీస్తాడు? చిన్నప్పుడు కంటికి కనపడనిది పెద్దయినాక చేతిలోకొస్తాది. పారిస్‌కు పోయినా, న్యూయార్కుకు పోయినా ఆ మనిషి కడుపులో ఉండేది ఈ ఎర్రమన్నే.”

మేనకోడలు తల అడ్డంగా ఊపింది. “ఆ మాట ఆయన చెప్పినాడా మామా, మనం చెప్తాండామా? నందనూరు అనంతపురం కాదు. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. చిత్తూరు దిక్కు అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది. పోనీ, రెండూ సీమే అనుకుందాం. ఆయన నీళ్లొక్కటే చేసినాడా? 1952లో ‘ఇన్‌సెక్ట్’ ఉండాది, ‘ఫిష్’ ఉండాది. తర్వాత సీతాకోకచిలుక ఉండాది, గింజ మొలకెత్తడం ఉండాది, తల్లీబిడ్డా ఉండారు. పురుగును చేసినాడని పురుగుల్లేని ఊర్లో పుట్టినాడంటామా?”

మామ నవ్వలేదు. ఆయనకు ఇది తమాషా విషయం కాదు. నలభై ఏళ్లకు దగ్గరగా పల్లె పిల్లలకు జామకాయ, కుండ, పూలకొమ్మ గీయించినవాడు ఆయన. సీమ నుంచి ఒకడు ప్రపంచమంతా చెప్పుకునే కళాకారుడయ్యాడంటే, ఆ పిల్లలకు చూపించడానికి ఒక ముఖం దొరికినట్టు. ఆ ముఖాన్ని ఎవరైనా పారిస్‌కు రాసిచ్చేస్తే ఆయనకు నొప్పి కలుగుతుంది.

“గుడివాడ రామారావును తీసుకో,” అంది ఆమె. ఎస్.వి. రామారావు 1936లో గుడివాడలో పుట్టాడు. మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ శిష్యుడు. 1962లో కామన్వెల్త్ స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్లి స్లేడ్ స్కూల్లో చదివాడు, తర్వాత షికాగోలో స్థిరపడ్డాడు, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. రంగులతోనే బొమ్మ కట్టిన నైరూప్య చిత్రకారుడు. “అంతకు ముందే కృష్ణారెడ్డి కూడా స్లేడ్‌లోనే చదివినాడు కదా. ఇద్దరూ తెలుగోళ్లే, ఒకే బడి. ఒకాయన కాలవల మధ్య పుట్టినాడు, ఒకాయన ఎండిన ఏటి పక్కన. నువ్వు చెప్పిన లెక్కన అయితే గుడివాడాయన ఎండమావులు గియ్యాల.”

ఈ వాదన బలమైనదే. పుట్టిన ఊరితో బొమ్మకు నేరుగా ముడివేయడం మన పత్రికల్లో బాగా అలవాటైన పని. చదవడానికి హాయిగా ఉంటుంది, కళాకారుడు మనవాడయిపోతాడు. కానీ ఆ ముడి వేశాక బొమ్మలో చూడాల్సింది ఇంకేమీ మిగలదు. కృష్ణారెడ్డి పలక మీద ఏం చేశాడో, ఎందుకు అలా చేశాడో తెలుసుకోవాలన్న కుతూహలం అక్కడే చచ్చిపోతుంది.

మామ దారి మార్చాడు. “సరే, మన్ను వదిలేస్తా. శాంతినికేతన్ మనదే కదా? పదహారేళ్ల పిల్లోడు 1941లో ఆడికి పోయినాడు. ఆ ఏడాదే ఠాగూరు పోయినాడు. నందలాల్ బోసు, రామ్‌కింకర్, బినోద్ బిహారీ, ఇంతమంది ఉండారు ఆడ. 1946 దాకా నేర్చుకున్నాడు. ఆకును ఆకుగా చూడడం, చెట్టు పెరిగే తీరు చూడడం ఆడ నేర్చుకున్నదే. ఇంకో మాట కూడా చెప్తా. జిడ్డు కృష్ణమూర్తి ప్రభావం ఆయన మీద కడదాకా ఉండాది. కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలో. కదిరి దాటితే మదనపల్లె. ఇవన్నీ పారిస్ ఇచ్చిందా?”

శాంతినికేతన్ సంగతిలో మామ చెప్పిన దాంట్లో నిజం ఎక్కువ. అక్కడి కళల బడి కళాభవన్‌లో నందలాల్ పద్ధతి పాత అకాడమీ పద్ధతి కాదు. ప్లాస్టరు బొమ్మను ముందు పెట్టుకుని నీడలు దిద్దడం అక్కడ చదువు కాదు. పొలానికి, సంతాల్ పల్లెకు, చెట్టు దగ్గరికి వెళ్లాలి. వస్తువు పైరూపం కాకుండా అది ఏ ఊపుతో పెరిగింది, ఎటు వంగింది అన్నది పట్టుకోవాలి. రామ్‌కింకర్ బైజ్ 1938లోనే కంకరా సిమెంటూ కలిపి ఆరుబయట ‘సంతాల్ కుటుంబం’ నిలబెట్టాడు. కృష్ణారెడ్డి రోజూ నడిచిన ఆవరణలోనే ఆ శిల్పం ఉంది. ఆయన చదువు మధ్యలోనే 1943లో బెంగాల్‌ను కరువు కబళించింది. లక్షలమంది ఆకలితో చచ్చిపోయిన ఆ ఏళ్లలో అందం అనే మాట ఏ విద్యార్థికైనా ముందున్నంత తేలిగ్గా ఉండదు.

మేనకోడలు ఇదంతా ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టింది. “నందలాల్ చదువు మాత్రం ఒక్క ఊర్లో పుట్టిందా మామా? ఆయన 1924లో ఠాగూరుతో కలిసి చైనా, జపాను తిరిగొచ్చినాడు. అజంతా గోడలు చూసినాడు. జపాను కుంచె చూసినాడు. రెండూ కలిపితే శాంతినికేతన్ అయింది. మనది అంటాండావే, అదీ దేశాలు దాటొచ్చిందే.”

“అయితే ఏది మనది పాపా? అన్నీ ఎవరివో అయితే మనకేం మిగిలె?”

ఆ ప్రశ్నకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. పారిస్ గురించి మొదలుపెట్టింది.

శాంతినికేతన్ తర్వాత కృష్ణారెడ్డి మద్రాసులో రుక్మిణీదేవి అరండేల్ స్థాపించిన కళాక్షేత్రలో చిత్రకళా విభాగం చూసుకున్నాడు. 1949లో లండన్ వెళ్లాడు. స్లేడ్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం. 1950ల మొదట్లోనే పారిస్ చేరాడు. అక్కడ బ్రాంకూసి పరిచయమయ్యాడు, జాడ్కిన్ దగ్గర మళ్లీ శిల్పమే నేర్చుకున్నాడు. అక్కడినుంచి ఎస్.డబ్ల్యు. హేటర్ నడిపే ‘అటెలియే 17’ అనే ప్రింట్ల కార్ఖానాలో అడుగుపెట్టాడు. 1950ల చివర్లో మిలాన్ వెళ్లి మారినో మారినీ దగ్గర కూడా చదివాడు. పేర్లు చూస్తే ఇరవయ్యో శతాబ్దపు శిల్పకళ మొత్తం ఒక వరసలో నిలబడినట్టు ఉంటుంది. పేర్ల వరస కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఇంతమంది దగ్గర ఆయన నేర్చుకున్నది శిల్పం. పేరు తెచ్చింది మాత్రం కాగితం మీద అచ్చు. ఉలి పట్టిన చెయ్యే లోహపు పలక పట్టింది. పలకను ఆయన బొమ్మ గీసే చదరంగా చూడలేదు. మిట్టలూ పల్లాలూ ఉన్న పల్చటి శిల్పంగా చూశాడు.

“ఆ పారిస్‌లో పారిసోళ్లు ఎంతమంది మామా?” అంది మేనకోడలు. “బ్రాంకూసిది రొమేనియా పల్లె. జాడ్కిన్ పుట్టింది అప్పటి రష్యా సామ్రాజ్యంలో వితెబ్‌స్క్‌లో. హేటర్ ఇంగ్లీషాయన. కెమిస్ట్రీ, జియాలజీ చదివి, ఇరాన్‌లో అబాదాన్ దగ్గర నూనె కంపెనీలో పనిచేసి, దాన్ని వదిలి పారిస్ వచ్చి 1927లో ఆ కార్ఖానా పెట్టినాడు. యుద్ధమప్పుడు దాన్ని న్యూయార్కుకు మార్చినాడు, 1950లో మళ్లీ పారిస్ తెచ్చినాడు. మిరో, పికాసో వచ్చి పనిచేసిన చోటు. మన బొంబాయి కైకో మోతీ ఉండాడు ఆడ. తర్వాత జరీనా హష్మీ వచ్చింది. ఫ్రాన్సుది ఏముండాది అందులో?”

“మరి పారిస్ అని ఎందుకంటావు?”

“ప్రెస్సు ఆడ ఉండాది కాబట్టి.”

ఈ రచన చెప్పదలచుకున్నదంతా ఆ జవాబులోనే ఉంది. కృష్ణారెడ్డి ఎదుగుదలను దేశాల వరసగా చెప్పుకుంటే అది పాస్‌పోర్టు కథ అవుతుంది. ఆయన ఎదిగింది పనిచోట్లలో. కళాభవన్ ఒక పనిచోటు, అటెలియే 17 ఇంకొకటి. రెండింటిలోనూ గురువు బల్ల ఒకటి, శిష్యుల బల్లలు వేరు అన్న తేడా పల్చగా ఉండేది. పెద్దవాడు చేస్తుంటే చిన్నవాడు చూశాడు, చిన్నవాడు కొత్తది కనిపెడితే పెద్దవాడు వాడుకున్నాడు. అలాంటి చోట దొరికిందే ఆయన పేరు నిలబెట్టిన పద్ధతి.

ఆ పద్ధతి ఏమిటో మామకు చెప్పడానికి మేనకోడలు ఫోనులో బొమ్మలు చూపలేదు. వంటింట్లోంచి ప్లేటు, చపాతీ కర్ర తెచ్చింది.

అప్పటిదాకా రంగుల ప్రింటు వేయాలంటే మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో పలక కావాలి. నాలుగు రంగులకు నాలుగు పలకలు. కాగితం ఒక్కోసారి ఒక్కో పలక మీద సరిగ్గా అదే చోట పడాలి, వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిపోతుంది. 1950లలో కృష్ణారెడ్డి, కైకో మోతీ, వాళ్లతోపాటు ఆ కార్ఖానాలో మిగతావాళ్లు వేరే దారి పట్టారు. ఒకే లోహపు పలకను యాసిడ్‌తో, చేతి పనిముట్లతో, యంత్రాలతో రకరకాల లోతుల్లో చెక్కుతారు. అడుగు గీతల్లో ఇంకు కూరి, పైభాగం తుడిచేస్తారు. తర్వాత గట్టి రోలరుతో అవిసెనూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకు పూస్తారు. గట్టి రోలరు పల్లాల్లోకి దిగదు గనక ఆ రంగు మిట్టల మీదే పడుతుంది. ఆపైన మెత్తటి రోలరుతో నూనె తక్కువున్న చిక్కటి ఇంకు. అది పల్లాల్లోకి దిగుతుంది, కానీ పల్చటి ఇంకు ఉన్న చోట అంటుకోదు. రంగులు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్నొకటి పాడుచేయవు. ఒకే పలక, ప్రెస్సులో ఒకే తిప్పు, కాగితం మీద అన్ని రంగులూ.

“నూనె రాసుకున్న చేతికి నీళ్లు నిలవనట్ల,” అన్నాడు మామ.

“అంతే. ఇప్పుడు చెప్పు. ఇంకు ప్రవహిస్తాది, జరుగుతాది, ఒకదాన్ని ఇంకోటి తోస్తాది. ఇట్లాంటి పనిలో ఏళ్ల తరబడి ఉండేవాని బొమ్మల్లోకి సుడి, అల, ఏరు రాక ఏమొస్తాయి? నీళ్లు కరువులోంచి రాలేదు మామా, పలకలోంచి వచ్చినాయి.”

మామ చాలాసేపు చపాతీ కర్ర వైపు చూశాడు. అప్పుడు ఆయన చెప్పింది మేనకోడలు ఊహించనిది. “నిమ్మలకుంట పోదాం ఒకసారి. ఆడ తోలుబొమ్మలకు మేకతోలును పల్చగా చేసి, రెండు దిక్కులా రంగేస్తారు. నగలకు, బట్టల అంచులకు సన్నని రంధ్రాలు కొడతారు. దీపం వెనక పెడితే గానీ ఆ బొమ్మ పూర్తి కాదు. వాళ్లకూ రంగు అంటే పైన పూసేది కాదు, తోలు లోపలికి దిగేది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. నువ్వు చెప్పిన పలక, ఈ తోలు, రెండింట్లోనూ బొమ్మ పుట్టేది వస్తువు లోపల. దీనికేమంటావు?”

దీన్నుంచి ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడిందని ఎవరూ చెప్పలేరు, మామ కూడా చెప్పలేదు. కానీ పోలిక ఊరికే పోయేది కాదు. పనివాడికి వస్తువు స్వభావం తెలిసినప్పుడు రూపం దానంతట అది సరళమవుతుంది అన్న సంగతి నిమ్మలకుంటలోనూ కనబడుతుంది, పారిస్‌లోనూ కనబడుతుంది. మేనకోడలు కూడా దీన్ని కాదనలేకపోయింది. “తోలు బొమ్మకు ముఖం ఉంటుంది కదా,” అని మాత్రం అంది.

మామ కాచుకున్నది ఈ మాట కోసమే. “అదే నేనడిగేది. ముఖం యాడికి పోయింది? లేపాక్షిలో పైకప్పు చూసినావు కదా. అచ్యుతరాయల కాలం. గేరు రంగు, పసుపు, నలుపు గీత, వీరభద్రుడు కప్పంతా నిండి నిలబడుకున్నాడు. తలెత్తితే చాలు, గొర్రెలు కాసేటోనికీ తెలుస్తాది ఎవరో. ‘వర్ల్‌పూల్’ తెచ్చి మన రాప్తాడు సంతలో పెడితే ఎవరికి తెలుస్తాది?”

“లేపాక్షిలోనే లతామంటపం ఉండాది. ఆ స్తంభాల మీద తీగలు, చుక్కలు, గళ్లు. దేవుడూ లేడు, మనిషీ లేడు. ధర్మవరం చీర అంచుల్లోకి ఆ డిజైన్లే పోయినాయి అంటావు నువ్వే. సంతలో ఆడోళ్లు దాన్ని కట్టుకుని తిరుగుతాండారు. ఎవరికి తెలీలేదు?”

“చీర అంచు కట్టుకునేదానికి. ఇది దేనికి?”

ఆమె ‘డెమాన్‌స్ట్రేటర్స్’ చూపించింది. 1968 మేలో పారిస్ వీధుల్లో విద్యార్థులు, కార్మికులు నిలబడ్డారు. ఆ ఏడాదే కృష్ణారెడ్డి చేసిన ప్రింటు అది. నిలువునా లేచిన ఆకారాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఏ ఒక్కరి ముక్కూ కన్నూ కనబడవు, గుంపు మాత్రం కదులుతుంది. తర్వాత 1980లలో ‘గ్రేట్ క్లౌన్’ వచ్చింది. కూతురితో వెళ్లి చూసిన సర్కస్ లోంచి పుట్టిన విదూషకుడు. అతని చుట్టూ వలయాలు విచ్చుకుంటాయి, ఒకే పలకను రకరకాల రంగుల కూర్పుల్లో మళ్లీ మళ్లీ అచ్చువేశాడు. ఈ రెండూ చూశాక ఆయనను మనుషుల్ని వదిలేసినవాడని అనడం కుదరదు. నైరూప్యం అనగానే మనిషి నుంచి పారిపోవడం అనుకునేవాళ్లకు కృష్ణారెడ్డి సరైన జవాబు. ఆయన ఆకారాన్ని కరిగిస్తాడు, కరిగినదాని జాడ పలకలో ఉంచుతాడు.

మామ ‘డెమాన్‌స్ట్రేటర్స్’ను చాలాసేపు చూశాడు. గుంతకల్లు రైల్వే సమ్మె రోజుల్లో తాను చూసిన గుంపు గుర్తొచ్చిందని చెప్పాడు. తర్వాత తన అసలు ఫిర్యాదు బయటపెట్టాడు.

“బాగుండాది. కానీ ఇది యాడుండాది? న్యూయార్కు మ్యూజియంలో, ఎవరో దాచుకున్న అరలో. లేపాక్షి ఈడనే ఉండాది.”

“ప్రింటు అంటేనే ఒకటి కాదు మామా. ఒక పలక నుంచి ఎన్నో కాపీలు తీస్తారు. నూనెరంగుల బొమ్మయితే ఒక్కని ఇంట్లోనే. ప్రింటు ఊరూరికీ పోతుంది.”

“ఎన్ని వచ్చినాయి అనంతపురానికి?”

ఆమె దగ్గర జవాబు లేదు. ఈ చోట మామదే గెలుపు. అచ్చు కళ పదిమందికీ అందేదని కార్ఖానాల వాళ్లు ఎంతగా నమ్మినా, దాని కాపీలు నడిచిన దారి ఎక్కువగా మ్యూజియం వైపే సాగింది. సీమలో ఒక పిల్లవాడు కృష్ణారెడ్డి పేరు పాఠంలో చదవవచ్చు. కాగితం మీద ఉబ్బెత్తుగా నిలిచిన ఆ ఇంకును దగ్గరగా చూడాలంటే మాత్రం చాలా దూరం ప్రయాణం చేయాలి. ఆ దూరాన్ని తగ్గించడానికి ఇక్కడ ఎవరూ గట్టిగా పూనుకోకపోవడం బాధ కలిగించే విషయం. 1972లో పద్మశ్రీ వచ్చినప్పుడు సంబరపడ్డాం, 2018 ఆగస్టు 22న న్యూయార్కులో కన్నుమూసినప్పుడు నివాళి రాశాం. రెండింటి మధ్య ఆయన చేసిన పని వేరే. 1960ల మధ్యలో హేటర్‌తో కలిసి అటెలియే 17 బాధ్యత పంచుకున్నాడు. 1970లలో న్యూయార్కు చేరి, న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్ నేర్పాడు. ఊరూరా వర్క్‌షాపులు పెట్టాడు. తన పద్ధతిలో దాచుకున్నదేమీ లేకుండా 1988లో పుస్తకం రాశాడు. 2016 చివర్లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురినీ కలిపి ప్రదర్శన పెట్టింది. ఆ ముగ్గురినీ కలిపింది పుట్టిన దేశం కాదు, పంచుకున్న కార్ఖానా.

“అందుకే అడుగుతాండా,” అంది మేనకోడలు. “ఆయన మనోడు అని చెప్పుకోవడం కాదు. అనంతపురంలో ఒక ప్రెస్సు పెడదాం. నీ ఇంటి వెనక షెడ్డు ఇయ్యి.”

మామ మొదట అడిగింది డబ్బు గురించి కాదు. “యాసిడ్ వాడతారు కదా. ఆ నీళ్లు యాడ పోస్తావు? మన బోరు షెడ్డుకు పది అడుగుల్లో ఉండాది. వెయ్యి అడుగులు పోతే గాని నీళ్లు పడని ఊరిది. బోరు చెడగొడితే కళ ఏం చేసుకోవాల?”

ఇది ఎవరూ తేలిగ్గా తీసేయకూడని ప్రశ్న. నైట్రిక్ యాసిడ్, అందులో కరిగిన జింకు నేలలోకి దిగకూడదు. పెద్ద నగరాల కార్ఖానాలకు దానికి వేరే ఏర్పాట్లుంటాయి. ఆమె ఆలోచించి చెప్పింది: మొదట యాసిడ్ అక్కర్లేని పని చేయొచ్చు. సూదితో నేరుగా పలకను గీసే డ్రైపాయింట్ ఉంది. కృష్ణారెడ్డి పలకల్లోనూ చేతి పనిముట్లు చెక్కిన భాగం తక్కువేం కాదు. ఇక కాగితం నానబెట్టడానికి ఒక తొట్టె నీళ్లు చాలు, వాటినే కొన్నాళ్లు వాడుకోవచ్చు.

“షెడ్డు ఇస్తా,” అన్నాడు మామ. “కానీ పిల్లోళ్లను మొదట లేపాక్షికి, నిమ్మలకుంటకు తీసకపోతా. ఒక ఏడాది చూసి గియ్యాల. ఆ తర్వాతే పలక.”

“ఏడాదా? చెయ్యి పలక మీద పడితేనే కన్ను తెరుచుకుంటుంది మామా. చెక్కుతూ నేర్చుకుంటారు.”

“నువ్వు పారిస్ కథ చెప్తాండావు గాని, అంతకు ముందు ఐదేండ్లు శాంతినికేతన్‌లో ఆయన గీసినాడు. అది మింగేస్తాండావు.”

అది నిజం. ఆమె ఆ మాటను తిప్పికొట్టలేదు, బేరమాడింది. ఆర్నెల్లు అంది. మామ తొమ్మిది అన్నాడు, అదీ ప్రతి ఆదివారం డ్రాయింగు తానే చూస్తానన్న షరతు మీద.